ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి: బీపీ ఉన్న ఇంట్లో ఉప్పు తగ్గించే పద్ధతి

గ్యాస్ బండ ఎప్పుడు మార్చామో క్యాలెండర్ మీద రాసుకుంటాం. పాలవాడి లెక్క రాస్తాం, బియ్యం బస్తా ఎన్ని రోజులొచ్చిందో నోటికి చెప్తాం. ఉప్పు ప్యాకెట్ ఎప్పుడు విప్పామో మాత్రం ఏ ఇంట్లో అడిగినా తెలియదు. మా ఇంట్లోనూ తెలియదు. రెండేళ్ల కింద ఒకరోజు పొద్దున మా బాపు చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపోయే దాకా ఆ లెక్క అవసరమని కూడా మాకు తోచలేదు.

ఎడమ చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్దగా వచ్చింది. తొందరగా తీసుకపోయినం కాబట్టి చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. ఇది చదివేవాళ్లు ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యో కాలో బలం తప్పినా, మాట తడబడినా నిమ్మరసం తాగించి పడుకోబెట్టకండి, రేపు చూద్దామనుకోకండి. మెదడులో రక్తం గడ్డ కట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది. స్కానింగ్ ఉన్న దవాఖానకు నేరుగా పోవాలి.

డిశ్చార్జి రోజు చేతికిచ్చిన కాగితం మీద మందుల పేర్ల కింద "ఉప్పు తగ్గించండి" అని ఒక్క వాక్యం ఉంది. ఎంత నుంచి ఎంతకు? ఎట్లా? ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ ఒక్క వాక్యాన్ని ఇంట్లో అమలు చెయ్యడానికి మాకు దాదాపు ఆర్నెల్లు పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

మొదట అందరూ చేసే తప్పే మేమూ చేశాం. బాపుకు వేరే గిన్నెలో చప్పిడి కూర, మిగతావాళ్లకు మామూలు కూర. నాలుగు రోజులు తలొంచుకుని తిన్నాడు. ఐదో రోజు అమ్మ అటు తిరగ్గానే తొక్కు జాడీలో చెంచా పెట్టాడు. ఆయనది తప్పనను. ఇంట్లో అందరి పళ్లెంలో ఒకటుండి తన పళ్లెంలో ఇంకోటుంటే శిక్ష పడ్డట్టే ఉంటుంది. పైగా ఆ మామూలు కూర తింటున్నది ఎవరు? నలభై దాటిన నేను, బీపీ ఉన్నా లేదనుకునే అమ్మ, ఇప్పుడిప్పుడే నాలుకకు రుచి అలవాటవుతున్న మా పాప. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో దాదాపు పది మందికి ముగ్గురు, ఆడవాళ్లలో నలుగురికి ఒకరు బీపీ ఎక్కువున్నవాళ్లో గోలీలు వాడుతున్నవాళ్లో. అందుకే తగ్గించాల్సింది ఒక మనిషి గిన్నెలో కాదు, ఇంటిల్లిపాదికీ వండే గిన్నెలో. ఈ పద్ధతి అంతా దాని మీదే ఉంది.

మొదటి పని: లెక్క తెలుసుకోవడం

కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ వెయ్యండి. అయిపోయిన రోజు ఎన్ని రోజులొచ్చిందో చూడండి. వెయ్యి గ్రాములను రోజులతో, ఆ తర్వాత తినే మనుషులతో భాగించండి. మా ఇంట్లో ఐదుగురం, కిలో ప్యాకెట్ 18 రోజులకు అయిపోయింది. అంటే మనిషికి రోజుకు 11 గ్రాములు. తొక్కులో వేసింది, బయట తిన్నది ఇందులో లేవు. పారబోసిన చారులో కొంత పోయి ఉంటుంది, ఆ రెండూ దానికిదీ దీనికదీ చెల్లు అనుకోండి, మనకు కావాల్సింది ఉజ్జాయింపే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే 5 గ్రాములు. మన దేశంలో తినేది సగటున 8 నుంచి 11 గ్రాముల దాకా ఉంటుందని పరిశోధనలు చెప్తున్నాయి, అంటే ఇంచుమించు రెండింతలు. అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల ఉప్పులో ఎక్కువ భాగం బ్రెడ్డులోనో ప్యాకెట్ తిండిలోనో ముందే కలిసి వస్తుంది, తినేవాడి చేతిలో ఏమీ ఉండదు. మన దగ్గర ఎక్కువ భాగం పడేది వంటింట్లోనే, మన చేతితోనే. నాకు ధైర్యం ఇచ్చిన విషయం ఇదే.

మనిషికి 5 గ్రాముల లెక్కన కిలో ప్యాకెట్ నలుగురికి 50 రోజులు, ఐదుగురికి 40 రోజులు రావాలి. 18 నుంచి ఒకేసారి 40కి దూకకండి. మేము మొదట 25 రోజులు పెట్టుకున్నాం, తర్వాత 30, తర్వాత 40.

చేతి కొలత మానేయడం

అమ్మ యాభై ఏళ్లుగా ఉప్పు చేత్తోనే వేస్తుంది, కూర ఏదైనా చెయ్యి తప్పదు. ఒకరోజు వంటింటి కాటా తెచ్చి, అమ్మ వేసే ఉప్పును కూరలో పడకుండా చిన్న గిన్నెలో వెయ్యమన్నాను. మూడు వేళ్లతో తీసింది 3 గ్రాములు తూగింది. వంకాయలు కడిగిన తడి చేత్తో మళ్లీ తీస్తే వేళ్లకు అంటుకున్నదంతా కలిసి 5 దాటింది. అదే అమ్మ, అదే చెయ్యి, అదే డబ్బా. అమ్మే ఆ అంకెలు రెండు సార్లు చూసి, "మరి ఇన్నేండ్లు తడి చేత్తోనే వేసిన కదా" అన్నది.

కాబట్టి డబ్బాలో ఒక చిన్న చెంచా వేసిపెట్టండి, చెయ్యి పెట్టొద్దు. సన్న ఉప్పు చిన్న టీ చెంచాకు తలకొట్టి తీస్తే 5 నుంచి 6 గ్రాములుంటుంది. దొడ్డుప్పు గల్లల మధ్య ఖాళీ వల్ల చెంచాకు తక్కువ తూగుతుంది, అందుకే దాన్ని చెంచాతో కాక కాటాతో కొలవడం మేలు.

మాకు బాగా పని చేసింది ఇంకోటి ఉంది. పొద్దున్నే ఆ రోజు ఉప్పంతా ఒక చిన్న గిన్నెలోకి తీసి డబ్బా పై అరలో పెట్టేయడం. ఐదుగురికి 25 గ్రాములు రావాలి కానీ తొక్కు, బయటి తిండి వాటా తీసేసి 20 గ్రాములే తీస్తాం. ఆ రోజు టిఫిన్, కూర, పప్పు, చారు అన్నీ ఆ గిన్నెలోంచే. సాయంత్రానికి గిన్నె ఖాళీ అయితే రాత్రి కూరలో నిమ్మకాయ పిండుకుంటాం, అంతే తప్ప డబ్బా దించం. మొదటి వారం రెండు మూడు సార్లు దించాం, ఉన్నమాట చెప్తున్నాను.

ఎక్కడ తీసేస్తే ఎవరికీ తెలియదు

అన్నం నుంచి మొదలుపెట్టండి. మన వైపు కొన్ని ఇళ్లల్లో ఎసట్లో ఉప్పు వేసి వండుతారు. ఆ ఉప్పు పూర్తిగా మానేయండి, ఎట్లాగూ కూర కలుపుకుంటాం. జొన్న రొట్టె పిండిలో, చపాతీ పిండిలో కూడా అక్కర్లేదు. సల్లలో ఉప్పు బదులు కొత్తిమీర, కరివేపాకు, కొంచెం అల్లం దంచి వెయ్యండి. తినేటప్పుడు ఉప్పు డబ్బా, తొక్కు జాడీ దగ్గర పెట్టుకోవద్దు, లేచిపోయి తెచ్చుకోవాలంటే సగం సార్లు లేవం. పండ్ల మీద, దోసకాయ ముక్కల మీద, జామకాయ మీద ఉప్పుకారం చల్లడం పిల్లలకు అసలు అలవాటు చెయ్యొద్దు.

కూరలో మాత్రం వారానికి కొంచెం కొంచెం తగ్గించండి. ఇంతకుముందు రెండు చెంచాలైతే మొదటి రెండు వారాలు ఒకటిన్నర. ఉప్పు మొదట్లో కాక దించే ముందు వేస్తే తక్కువతోనే నాలుకకు తెలుస్తుంది. పులుపు, వేయించిన వాసన, కారం ఉన్న చోట ఉప్పు లోటు కనబడదు, ఆ విషయంలో మన వంటలు అదృష్టం చేసుకున్నాయి. పచ్చి పులుసు చూడండి. పచ్చిమిర్చి పొయ్యి మీద కాల్చి, నువ్వులు దోరగా వేయించి పొడి కొట్టి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి చింతపండు పులుసులో పిసికితే ఉప్పు సగమే వేసినా ఎవరూ అడగరు. పుంటికూర పప్పు, చింతచిగురు, మామిడికాయ పప్పు కూడా అంతే. పల్లీల పొడి, నువ్వుల పొడి ఉప్పు లేకుండా కొట్టి పెట్టుకుని కూరల్లో చల్లండి. ఎల్లిపాయ కారం మాత్రం ఉప్పు ఎక్కువ పట్టే రకం, దాన్ని తక్కువ వాడండి. కారం గురించి భయం అక్కర్లేదు. బీపీ పెంచేది మిర్చి కాదు, దానితో పాటు పడే ఉప్పు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మన చపాటా మిర్చి ఎర్రగా ఉంటుంది, ఘాటు తక్కువ, కూరకు ఆ రంగొస్తే సగం ఆకలి తీరుతుంది.

నాలుక మారడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, కొందరికి రెండు నెలలు. మధ్యలో "చప్పగుంది" అన్న మాట వింటారు, పట్టించుకోకండి. మూడో నెలలో చుట్టాల ఇంట్లో దావత్‌కు పోయి, బగారన్నంలో మటన్ కలుపుకున్న బాపు రెండో ముద్దకే "ఉప్పు కషాయం చేసిండ్రు" అన్నాడు. అదే ఇంట్లో అదే వంట ఆయన అంతకుముందు ఎన్నో ఏండ్లు మెచ్చుకుంటూ తిన్నాడు.

తొక్కు గురించి

ఇక్కడే అందరూ ఆగిపోతారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టని ఇల్లు ఓరుగల్లు చుట్టుపక్కల ఎన్ని ఉంటాయి? మా ఇంటి కొలత కిలో ముక్కకు 200 గ్రాముల ఉప్పు. కారం, నూనె, ఎల్లిపాయ, ఆవపిండి, మెంతిపిండి అన్నీ కలిపితే జాడీలో రెండు కిలోల దాకా అవుతుంది, అంటే పదో వంతు ఉప్పే. చెంచా తొక్కు 15 గ్రాములనుకుంటే అందులో ఉప్పు గ్రామున్నర. పొద్దున టిఫిన్‌లోకి ఒక చెంచా, మధ్యాహ్నం రెండు, రాత్రి ఒకటి వేసుకునే మనిషికి రోజు వాటా 5 గ్రాములు తొక్కుతోనే దాటిపోయింది. ఆ పైన ఆయనకు చప్పిడి కూర పెట్టి లాభమేంటి?

అలాగని నిలవ తొక్కులో ఉప్పు సగం చెయ్యకండి, బూజు పడుతుంది. ఆ ఉప్పు రుచి కోసమే కాదు, పాడవకుండా ఉండటానికి కూడా. తగ్గించాల్సింది జాడీ సైజు. మేము ఆరు కిలోల కాయలు పెట్టేవాళ్లం, ఇప్పుడు రెండు కిలోలే. వారానికి రెండు మూడు సార్లు, పెద్ద చెంచా కాదు, చిన్న చెంచా. మిగతా రోజుల్లో అప్పటికప్పుడు రోట్లో నూరే టమాట తొక్కు, దోసకాయ తొక్కు, పుంటికూర తొక్కు. ఇవి నిలవ ఉండక్కర్లేదు కాబట్టి ఉప్పు పావు వంతు చాలు, రెండు రోజుల్లో తినేయాలి. ఒరుగులు, వడియాలు, అప్పడాలు, ఎండు చేపలు కూడా ఈ నిలవ జాతివే. ఎండు చేపలను వేడి నీళ్లలో నానబెట్టి రెండు మూడు సార్లు కడిగి వండితే కొంత ఉప్పు పోతుంది, అయినా కూరలో మళ్లీ ఉప్పు వెయ్యొద్దు.

సంక్రాంతికి సకినాలు, అప్పుడప్పుడు సర్వపిండి చేసుకుంటారు కదా, వాటిలో నువ్వులు, వాము ఎక్కువ పడితే ఉప్పు తగ్గినా తెలియదు. పండుగకు మానమని ఎవరూ చెప్పరు. నెలంతా డబ్బాలో ఉంచుకుని చాయ్‌తో నమలడమే సమస్య.

కంటికి కనబడని సోడియం

ఉప్పులో నలభై శాతం సోడియం. బీపీతో పని ఆ సోడియానిదే. అది ఎక్కువైతే ఒంట్లో నీరు పట్టి ఉంచుతుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది, ఏళ్ల తరబడి అట్లా ఉంటే నాళాలు గట్టిపడతాయి, కిడ్నీల మీద భారం పడుతుంది. ప్యాకెట్ వెనక సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 800 మిల్లీగ్రాములంటే 2 గ్రాముల ఉప్పు. నూడుల్స్ ప్యాకెట్ ఒకటి సుమారు అంత ఉంటుంది, పిల్లలకు సాయంత్రం అదే పెడుతున్నాం.

తినే సోడాలోనూ సోడియమే. బజ్జీ పిండిలో, శనగలు ఉడకడానికి వేసేది అదే. గ్యాస్ పట్టిందని నీళ్లల్లో వేసుకుని బుస్సుమనగానే తాగే 5 గ్రాముల పొడి ప్యాకెట్‌లో దాదాపు 2 గ్రాముల ఉప్పులో ఉన్నంత సోడియం ఉంటుంది. మా మేనమామ ఉప్పు బాగా తగ్గించి, రోజూ రాత్రి ఆ పొడి తాగేవాడు. బీపీ ఎందుకు దిగడం లేదో చాలా రోజులు ఎవరికీ అర్థం కాలేదు.

సైంధవ లవణం మంచిదట, దొడ్డుప్పు మంచిదట అని చెప్పేవాళ్లుంటారు. రంగు మారినా రాయి మారినా సోడియం ఇంచుమించు అంతే, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. ఇంట్లో గర్భిణులు, చిన్న పిల్లలు ఉంటే అయోడిన్ ఉన్న ఉప్పే వాడాలి.

సోడియం తక్కువుండే ఉప్పు వేరే. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. చైనాలో 600 ఊళ్లలో సుమారు 21 వేల మంది మీద, పక్షవాతం వచ్చినవాళ్లు, అరవై దాటి బీపీ ఉన్నవాళ్ల మీద దీన్ని దాదాపు ఐదేళ్లు చూశారు. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడిన ఊళ్లల్లో పక్షవాతాలు 14 శాతం, చావులు 12 శాతం తగ్గాయని 2021లో ఫలితాలొచ్చాయి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంట్లో మామూలు ఉప్పు బదులు వాడొచ్చని చెప్పింది, కానీ గర్భిణులకు, పిల్లలకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కాదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి బీపీ గోలీలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడిగి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), పొటాషియం చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. షాపులో చూసి మీ అంతట మీరు మార్చేయకండి.

గోలీ, కొలత, ఎండ

ఉప్పు తగ్గించాం కదా అని గోలీ ఆపొద్దు. ఉప్పు 4, 5 గ్రాములు తగ్గితే బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 5 పాయింట్లు, లేనివాళ్లలో 2 పాయింట్లు దిగుతుంది. ఒక మనిషికి ఆ రెండు పాయింట్లు చిన్నవే, కానీ ఊరంతటికీ రెండు పాయింట్లు దిగితే ఏటా పక్షవాతంతో మంచాన పడేవాళ్లు తగ్గుతారు. బీపీ గోలీలు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగా ఇస్తారు, ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్తల ద్వారా పరీక్షలూ జరుగుతాయి. తల తిరిగితేనే బీపీ అనుకోకండి, చాలామందికి ఏమీ అనిపించదు. మోకాళ్ల నొప్పులకని రోజూ మింగే నొప్పి గోలీలు కూడా బీపీ పెంచుతాయి, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. కల్లు, మందు కూడా అంతే, పక్కన నంజుకునే ఉప్పు గుడాలు అదనం.

ఇంట్లో చూసుకునేటప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూచోండి. వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద ఉంచి, చొక్కా చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ కట్టాలి. అరగంట ముందు చాయ్, బీడీ వద్దు. మూత్రం ఆపుకుని చూసుకోవద్దు, మాట్లాడొద్దు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసిపెట్టండి. ఇంటి కొలతలో సగటు 135/85 దాటుతుంటే, దవాఖానలో 140/90 దాటుతుంటే అది బీపీయే.

ఎండలో పని చేసేవాళ్లం, చెమట పడుతుంది, ఉప్పు కావాలి కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలామందికి మామూలుగా తినే తిండిలోనే ఆ అవసరానికి సరిపడా ఉంటుంది, మంచినీళ్లు మాత్రం తాగుతూ ఉండాలి. విరేచనాలు, వాంతులు అయినప్పుడు ఓఆర్‌ఎస్ తాగాల్సిందే, బీపీ ఉందని ఆపొద్దు. మూత్రం ఎక్కువొచ్చే గోలీలు వాడుతూ మే నెల ఎండలో పొలం పోయేవాళ్లు, బాగా ముసలివాళ్లు ఉప్పు ఎంత దాకా తగ్గించాలో డాక్టర్‌ను అడగండి. పూర్తిగా మానేయడం ఎవరికీ చెప్పడం లేదు.

ఇంటి బయట

ఇల్లు సర్దుకున్నాక హనుమకొండలో మా వీధి వినాయకుడి అన్నదానం గుర్తొచ్చింది. మూడు వందల మందికి పులిహోర, సాంబారు, ఆలుగడ్డ కూర. వంట మనిషి ప్యాకెట్లు పళ్లతో చించి గంగాళంలో పోస్తాడు. మొన్నటి ఏడాది ముందు రోజే ఆయన దగ్గర కూచుని, ఎప్పుడూ పోసే దాంట్లో మూడో వంతు తగ్గించమని, ఎవరైనా అడిగితే మా పేరు చెప్పమని అన్నాను. మొదట ఒప్పుకోలేదు, వంట చెడితే మాట పడేది ఆయనే కదా. బీపీ ఉందా అని అడిగితే ఉందన్నాడు, గోలీ వేసుకుంటున్నా అన్నాడు. ఆ తర్వాత ఒప్పుకున్నాడు. లైను చివర టేబుల్ మీద ఒక గిన్నెలో ఉప్పు, కోసిన నిమ్మచెక్కలు పెట్టాం, చాలకపోతే వేసుకుంటారని. సాయంత్రం గిన్నెలు కడగడానికి తీస్తుంటే నిమ్మచెక్కల పళ్లెం ఖాళీగా ఉంది, ఉప్పు గిన్నె దాదాపు పెట్టినట్టే ఉంది.